రాయ్‌పూర్ ఓటు లెక్క: ఒక్క ఫలితం చాలదు



2018 నవంబర్ 20న ఛత్తీస్‌గఢ్‌లోని రాయ్‌పూర్ శాసనసభకు ఓటేసింది. 2019 ఏప్రిల్ 23న అదే రాయ్‌పూర్ లోక్‌సభకు ఓటేసింది. మధ్యలో గడిచింది ఐదు నెలలు. ఊరు అదే. మనుషులు వాళ్ళే. ఓటర్ల జాబితా కూడా ఇంచుమించు అదే. ఫలితాలు మాత్రం ఒకదానికొకటి పొంతన లేకుండా వచ్చాయి.

రాయ్‌పూర్ లోక్‌సభ స్థానం కింద తొమ్మిది అసెంబ్లీ నియోజకవర్గాలున్నాయి. 2018లో వాటిలో ఆరు కాంగ్రెస్ గెలిచింది. బీజేపీకి రెండే దక్కాయి. రాష్ట్రంలో మూడో పక్షమైన అజిత్ జోగి పార్టీకి ఒకటి వచ్చింది. ఛత్తీస్‌గఢ్ మొత్తం చూస్తే 90 స్థానాల్లో కాంగ్రెస్‌కు 68, బీజేపీకి 15. పదిహేనేళ్ళు ముఖ్యమంత్రిగా ఉన్న రమణ్ సింగ్ దిగిపోయారు. ఇక బీజేపీ పని అయిపోయిందన్నారు.

ఐదు నెలలు తిరిగాయి. లోక్‌సభ ఎన్నిక వచ్చింది. కాంగ్రెస్ రాయ్‌పూర్ మేయర్ ప్రమోద్ దూబేని నిలబెట్టింది. బీజేపీ మాజీ మేయర్ సునీల్ సోనీని నిలబెట్టింది. సోనీ 3 లక్షల 48 వేల ఓట్ల మెజారిటీతో గెలిచారు. రాష్ట్రంలో 11 లోక్‌సభ స్థానాలుంటే బీజేపీ 9 గెలుచుకుంది.

అప్పుడు చాలామంది ఒకటే మాటన్నారు. ఓటరు చపలచిత్తుడు, ఐదు నెలల్లో మాట మార్చేశాడు అని. ఆ మాట తప్పు. ఓటరును చిన్నబుచ్చే మాట కూడా. ఎందుకు తప్పో ఈ పావుగంటలో చెబుతాను. ఏ పార్టీ మంచిదో చెప్పడం నా పని కాదు. ఓటరు మనసును ఎలా చదవాలో చెప్పడం నా పని.

ముందు ఒక పోలిక చెబుతాను. షుగర్ జబ్బు ఈ రోజుల్లో చాలా ఇళ్ళలో ఉంది. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఎవరో ఒకరు వేలికి సూది గుచ్చుకుని షుగర్ చూసుకుంటూనే ఉంటారు. ఆ అంకె డాక్టరుకు చెబితే ఆయన వెంటనే మందు రాయడు. ముందు అడుగుతాడు. ఇది పరగడుపున చూసిందా, తిన్న తర్వాత చూసిందా అని. తర్వాత ఇంకో మాట అడుగుతాడు. మూడు నెలల సగటు ఎంతుంది అని. పెళ్ళిభోజనం చేసి వచ్చినవాళ్ళకు షుగర్ పెరుగుతుంది. ఒక పూట తిండి మానేసినవాళ్ళకు తగ్గుతుంది. ఆ ఒక్క అంకెతో మనిషి ఆరోగ్యం తేల్చలేం. మూడు నెలల సగటు మాత్రం అసలు సంగతి చెబుతుంది. అది ఒక పూట పథ్యంతో మారేది కాదు.

ఎన్నికల ఫలితానికి కూడా ఈ రెండు ప్రశ్నలే వేయాలి. ఇది ఏ ఎన్నిక? చాలా ఏళ్ళ సగటు ఎలా ఉంది? మళ్ళీ చెబుతున్నాను. ఏ ఎన్నిక? ఎన్నేళ్ళ సగటు?

మొదటి ప్రశ్న చూద్దాం. అసెంబ్లీ ఎన్నిక వేరు. లోక్‌సభ ఎన్నిక వేరు. 2018లో ఛత్తీస్‌గఢ్ రైతు ముందున్న విషయాలేమిటి? వడ్లకు క్వింటాలుకు 2500 రూపాయల ధర. రుణమాఫీ. పదిహేనేళ్ళ ప్రభుత్వం మీద విసుగు. 2019లో ముందున్నది వేరే ప్రశ్న. ఢిల్లీలో ప్రధానమంత్రి ఎవరు కావాలి? ఆ ఫిబ్రవరిలో పుల్వామా దాడి జరిగింది. బాలాకోట్ మీద వైమానిక దాడి జరిగింది. అడిగిన ప్రశ్న మారింది కాబట్టి జవాబూ మారింది. పరగడుపు అంకెను తిన్న తర్వాత అంకెతో పోల్చకూడదు. అసెంబ్లీ ఫలితాన్ని లోక్‌సభ ఫలితంతో పోల్చకూడదు.

ఇది మన దగ్గరా జరిగింది. 2018 డిసెంబర్‌లో తెలంగాణ శాసనసభలో టీఆర్ఎస్‌కు 119లో 88 స్థానాలు వచ్చాయి. బీజేపీకి వచ్చింది ఒక్కటే, గోషామహల్. నాలుగు నెలల తర్వాత లోక్‌సభకు పోలింగ్ జరిగితే, 17 స్థానాల్లో టీఆర్ఎస్‌కు 9, బీజేపీకి 4, కాంగ్రెస్‌కు 3 వచ్చాయి. ఒక్క ఎమ్మెల్యే ఉన్న పార్టీకి నలుగురు ఎంపీలు! ఆంధ్రప్రదేశ్‌లో ఈ తేడా మన కంటికి కనపడదు. అక్కడ 1999 నుంచి రెండు ఎన్నికలూ ఒకే రోజు జరుగుతున్నాయి. ఓటరు మనసులో రెండు ప్రశ్నలు ఉన్నా, జవాబులు ఒకే పూట ఇచ్చేస్తాడు.

ఇప్పుడు రెండో ప్రశ్న. అసలు సంగతి ఇక్కడుంది. రాయ్‌పూర్ లోక్‌సభ స్థానాన్ని మాత్రమే తీసుకుందాం. అసెంబ్లీ ఊసు వద్దు. 2008లో నియోజకవర్గాల సరిహద్దులు మార్చారు. అందుకని 2009 నుంచి మొదలుపెడదాం. హద్దులు మారాక పాత లెక్కను కొత్త లెక్కతో కలపకూడదు.

అంకెలు నెమ్మదిగా చెబుతాను. ముందు గెలిచిన బీజేపీ ఓట్లు వినండి. 2009లో రమేశ్ బైస్‌కు 3 లక్షల 65 వేలు. 2014లో ఆయనకే 6 లక్షల 55 వేలు. 2019లో సునీల్ సోనీకి 8 లక్షల 38 వేలు. 2024లో బృజ్‌మోహన్ అగ్రవాల్‌కు 10 లక్షల 50 వేలు. ప్రతిసారీ మెట్టు ఎక్కుతూ పోయింది.

ఇప్పుడు ఓడిన కాంగ్రెస్ ఓట్లు వినండి. 2009లో భూపేశ్ బఘేల్‌కు 3 లక్షల 7 వేలు. 2014లో సత్యనారాయణ్ శర్మకు 4 లక్షల 83 వేలు. 2019లో ప్రమోద్ దూబేకు 4 లక్షల 90 వేలు. 2024లో వికాస్ ఉపాధ్యాయ్‌కు 4 లక్షల 75 వేలు.

గమనించారా? ఆఖరి మూడు అంకెలు మరోసారి చెబుతాను. 4 లక్షల 83 వేలు. 4 లక్షల 90 వేలు. 4 లక్షల 75 వేలు. పదేళ్ళలో మూడు ఎన్నికలు. ముగ్గురు వేర్వేరు అభ్యర్థులు. ఓట్లు మాత్రం దాదాపు కదలలేదు.

మెజారిటీ ఒక్కటే చూసినవాళ్ళకు ఏం కనిపిస్తుంది? 2009లో 58 వేలు. 2014లో లక్షా 72 వేలు. 2019లో 3 లక్షల 48 వేలు. 2024లో 5 లక్షల 75 వేలు. ఇది చూస్తే కాంగ్రెస్ ఓటంతా కరిగిపోయిందనిపిస్తుంది. కరగలేదు. 2014 నుంచి ఉన్నచోటే ఉంది. ఊరు పెరిగింది. కొత్త ఓటర్లు వచ్చారు. పోలింగ్ పెరిగింది. ఆ పదేళ్ళలో పెరిగిన ఓటు దాదాపు అంతా ఒక్క వైపే చేరింది. రాయ్‌పూర్ పదేళ్ళ కథ ఇది. నాకు తెలిసినంతలో ఈ స్థానం గురించి ఇంతకంటే ముఖ్యమైన విషయం మరొకటి లేదు. అయినా టీవీ చర్చల్లో మెజారిటీ గురించే మాట్లాడతారు. మెజారిటీ అంటే రెండు అంకెల మధ్య దూరం. ఏ అంకె కదిలిందో, ఏది కదలలేదో అది చెప్పదు.

ఇక్కడ ఒక జాగ్రత్త కావాలి. కాంగ్రెస్‌కు 2014లో వేసినవాళ్ళే 2024లోనూ వేశారని ఈ లెక్క చెప్పదు. కొందరు పోయి ఉంటారు. కొందరు వచ్చి ఉంటారు. రాకపోకలు ఒకదానికొకటి సరిపోయి ఉండవచ్చు. ఓట్ల లెక్క మొత్తాన్నే చూపిస్తుంది. మనిషిని చూపించదు. మనిషి సంగతి తెలియాలంటే సర్వే కావాలి. ఆ మాటకు తర్వాత వస్తాను.

రెండూ వేరు ఎన్నికలని గుర్తుంచుకునే, ఆ ఐదు నెలల్లో ఎవరి ఓటు కదిలిందో కూడా ఈ పద్ధతిలోనే చూడండి. 2018 అసెంబ్లీలో ఛత్తీస్‌గఢ్ అంతటా కాంగ్రెస్‌కు వచ్చింది 43 శాతం ఓట్లు. 2019 లోక్‌సభలో దాదాపు 41 శాతం. తగ్గింది రెండే శాతం. మరి బీజేపీ? 33 శాతం నుంచి 50 శాతం దాటింది. పెరిగింది 17 శాతానికి పైనే. ఈ 17 ఎక్కడి నుంచి వచ్చాయి? 2018లో అజిత్ జోగి పార్టీ, బీఎస్పీ కలిసి పోటీ చేశాయి. రెంటికీ కలిపి 11 శాతానికి పైగా ఓట్లు పడ్డాయి. స్వతంత్రులకు, చిన్న పార్టీలకు కూడా గణనీయంగానే పడ్డాయి. 2019లో జోగి పార్టీ అసలు పోటీలోనే లేదు. మూడో వైపు నిలబడ్డవాళ్ళలో చాలామంది లోక్‌సభ వచ్చేసరికి రెండు వైపుల్లో ఒకటి ఎంచుకోవాల్సి వచ్చింది. అంటే కాంగ్రెస్‌ను గెలిపించిన ఓటు ఐదు నెలల్లో ఆవిరైపోలేదు. ఓటరు మాట మార్చాడన్న తీర్పు ఈ అంకెల ముందు నిలవదు.

ఇంకాస్త వెనక్కి వెళ్దాం. రాయ్‌పూర్ ఒకప్పుడు కాంగ్రెస్ కోట. 1971లో ఇక్కడ విద్యాచరణ్ శుక్లా గెలిచారు. ఎమర్జెన్సీలో ఆయన సమాచార, ప్రసార శాఖ మంత్రి. 1977లో జనతా పార్టీ అభ్యర్థి పురుషోత్తమ్ కౌశిక్ ఆయన్ని ఓడించారు. అప్పటి మధ్యప్రదేశ్‌లో 40 స్థానాలుంటే కాంగ్రెస్‌కు మిగిలింది ఒక్కటే. కాంగ్రెస్ చరిత్ర ముగిసిందన్నారు. మూడేళ్ళకే 1980లో రాయ్‌పూర్ మళ్ళీ కాంగ్రెస్‌ను గెలిపించింది. కేయూర్ భూషణ్ ఎంపీ అయ్యారు. 1984లోనూ ఆయనే. 1989లో బీజేపీ నుంచి రమేశ్ బైస్ గెలిచారు. 1991లో మళ్ళీ విద్యాచరణ్ శుక్లా గెలిచి, మన పి.వి. నరసింహారావు గారి మంత్రివర్గంలో చేరారు. 1989 గెలుపు ఏదో గాలివాటమని అప్పుడు ఎవరైనా అనుకుంటే తప్పు పట్టలేం. కానీ 1996 నుంచి ఈ రోజు దాకా రాయ్‌పూర్‌లో బీజేపీ ఒక్క లోక్‌సభ ఎన్నికా ఓడలేదు. బైస్ మొత్తం ఏడుసార్లు గెలిచారు. 1977 మలుపు నిలవలేదు. 1989 మలుపు ఒకసారి తడబడి, తర్వాత నిలిచింది. ఏది నిలిచే మలుపో, ఏది నిలవనిదో ఆ రోజు రాత్రి ఫలితం చూసి చెప్పగలిగేవాళ్ళు లేరు. నాలుగైదు ఎన్నికలు గడవాలి.

పేరున్న కుటుంబాలు ఓటును పట్టి ఉంచుతాయని కూడా అంటుంటారు. 2004 చూడండి. మధ్యప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి రవిశంకర్ శుక్లా. రాయ్‌పూర్‌లో విశ్వవిద్యాలయానికి ఉన్నది ఆయన పేరే. ఆయన కొడుకుల్లో ఇద్దరు ఆ ఏడాది పోటీ చేశారు. శ్యామాచరణ్ కాంగ్రెస్ నుంచి రాయ్‌పూర్‌లో. విద్యాచరణ్ బీజేపీ నుంచి పక్కనే ఉన్న మహాసముంద్‌లో. విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ మీదుగా రాయ్‌పూర్ వెళ్ళే రైలు ఎక్కినవాళ్ళకు మహాసముంద్ స్టేషన్ తెలిసే ఉంటుంది. శ్యామాచరణ్ బైస్ చేతిలో ఓడారు. విద్యాచరణ్ అజిత్ జోగి చేతిలో ఓడారు. ఒకే ఇంటి అన్నదమ్ములు, రెండు వేర్వేరు పార్టీల నుంచి, పక్కపక్క స్థానాల్లో ఒకే ఎన్నికలో ఓడిపోయారు.

ఇక సర్వేల మాట. ఢిల్లీలో 1963లో రజనీ కొఠారి ఒక సంస్థ పెట్టారు. దాని పేరు సీఎస్‌డీఎస్. 1967 నుంచి ఆ సంస్థ పరిశోధకులు ఓటర్లను అడిగి అధ్యయనాలు చేస్తున్నారు. 1996 నుంచి ప్రతి లోక్‌సభ ఎన్నికకూ చేస్తున్నారు. వీళ్ళు బూత్ బయట నిలబడి హడావిడిగా అడగరు. ఓటర్ల జాబితాలోంచి పేర్లు ఎంచుకుంటారు. వాళ్ళ ఇళ్ళకు వెళ్తారు. ఓటు ఎవరికి వేశారో నోటితో చెప్పమనరు. నమూనా బ్యాలెట్ కాగితం ఇస్తారు. గుర్తు పెట్టి పెట్టెలో వేయమంటారు. పక్కన అత్తగారున్నా, ఊరి పెద్ద ఉన్నా మనిషి నిజం చెప్పడానికి ఆ పెట్టె సాయపడుతుంది.

ఈ అధ్యయనాల అసలు విలువ జోస్యంలో లేదు. ఒకే ప్రశ్నను ఏళ్ళ తరబడి అడగడంలో ఉంది. మీ ఓటు వల్ల ఏమైనా తేడా ఉంటుందా అన్నది అలాంటి ప్రశ్న. 1971లో అవునన్నవాళ్ళు సగానికి అటూ ఇటూగా ఉన్నారు. 1996లో పదిమందిలో దాదాపు ఆరుగురు అవునన్నారు. ప్రభుత్వాలు వచ్చాయి, పోయాయి. తమ ఓటు మీద జనానికి నమ్మకం మాత్రం పెరిగింది. ఒక్క ఏడాది సర్వేలో ఈ సంగతి ఎలా తెలుస్తుంది?

ఎగ్జిట్ పోల్స్ సంగతి మీకు తెలిసిందే. 2023లో ఛత్తీస్‌గఢ్‌లో కాంగ్రెస్‌దే పైచేయి అని దాదాపు అన్నీ చెప్పాయి. బీజేపీకి 54 వచ్చాయి, కాంగ్రెస్‌కు 35. పోలింగ్ రోజు తీసిన అంకెను పట్టుకుని పందేలు కాసేవాళ్ళను చూస్తే నాకు నిజంగా బాధ వేస్తుంది. దయచేసి ఆ పని చేయకండి.

ఒక్క ఫలితంలో కనపడనిది, చాలా ఏళ్ళు చూస్తేనే కనపడేది ఇంకొకటుంది. అది ఆడవాళ్ళ ఓటు. 1962 లోక్‌సభ ఎన్నికల్లో దేశమంతటా మగవాళ్ళలో 63 శాతం మంది ఓటేశారు. ఆడవాళ్ళలో 47 శాతం కూడా లేరు. దాదాపు 17 శాతం తేడా. ఏ ఒక్క ఎన్నికలోనూ అది ఒక్కసారిగా పోలేదు. కాస్త కాస్తగా తగ్గుతూ వచ్చింది. 2019లో ఆడవాళ్ళే మగవాళ్ళకంటే పిసరంత ముందున్నారు. ఛత్తీస్‌గఢ్‌లో 2023 నాటికి ఓటర్ల జాబితాలోనే ఆడవాళ్ళు ఎక్కువ. ఆ ఎన్నికల్లో పెళ్ళయిన ఆడవాళ్ళకు నెలకు వెయ్యి రూపాయలు ఇస్తామని బీజేపీ హామీ ఇచ్చింది. అదే మహతారీ వందన్ పథకం. 2024 మార్చి 10న తొలి విడత డబ్బు పడింది. రాయ్‌పూర్ లోక్‌సభ పోలింగ్ మే 7న. ఆ వెయ్యి రూపాయలకే ఓటు పడిందని తేల్చేయడం తొందరపాటు. ఆ పథకం లేని 2014లోనూ, 2019లోనూ రాయ్‌పూర్ గ్రాఫు పైకే ఉంది కదా. కానీ పార్టీలు ఇంటి ఇల్లాలి పేరు మీద పథకం పెట్టడానికి కారణం ఈ అరవై ఏళ్ళ మార్పే.

పోలింగ్ శాతం కూడా అంతే. ఛత్తీస్‌గఢ్‌లో లోక్‌సభకు 2004లో 52 శాతం పోలైంది. 2009లో 55. 2014లో 69. 2019లో 71 దాటింది. పదిహేనేళ్ళలో ప్రతి వందమందిలో దాదాపు ఇరవైమంది కొత్తగా బూత్‌కు వచ్చారు. కొత్తగా వచ్చినవాళ్ళు ఎటు నిలబడ్డారన్నదే ఆ రాష్ట్ర లోక్‌సభ రాజకీయం.

దేశం మొత్తం లెక్కలోనూ ఒక్క మాట. సీట్లు వేరు, ఓట్లు వేరు. 2019లో బీజేపీకి 37 శాతానికి పైగా ఓట్లు, 303 సీట్లు. 2024లో ఓట్లు తగ్గింది ఒక్క శాతం లోపే. సీట్లు 63 తగ్గి 240 అయ్యాయి. సీట్లు చూసినవాళ్ళు దేశం మనసు తలకిందులైందన్నారు. ఓట్లు చూసినవాళ్ళకు అంత మార్పు కనపడలేదు. దూరం నుంచి చూస్తే మార్పు మరీ పెద్దది. 1984లో కాంగ్రెస్‌కు దేశంలో దాదాపు సగం ఓట్లు. బీజేపీకి రెండే సీట్లు. ఆ రెండింటిలో ఒకటి మన హన్మకొండ. అక్కడ చందుపట్ల జంగారెడ్డి పి.వి. నరసింహారావు గారిని ఓడించారు. ముప్ఫై ఏళ్ళ తర్వాత 2014లో కాంగ్రెస్‌కు మిగిలింది 19 శాతం ఓట్లు, 44 సీట్లు.

శ్రోతలారా, ఇప్పుడు మీరు చేయగలిగిన పని ఒకటి చెబుతాను. రాయ్‌పూర్‌లో, భిలాయ్‌లో, బిలాస్‌పూర్‌లో ఉన్న మన తెలుగు కుటుంబాలకూ ఇదే చెబుతున్నాను. ఒక నోటుబుక్కు తీసుకోండి. మీ లోక్‌సభ నియోజకవర్గం పేరు పైన రాయండి. 2009 నుంచి 2024 దాకా నాలుగు ఎన్నికలు. ప్రతి ఎన్నికకూ గెలిచినవారి ఓట్లు రాయండి. రెండోస్థానంలో ఉన్నవారి ఓట్లు రాయండి. ఎంతమంది ఓటేశారో రాయండి. మెజారిటీ రాయకండి. అది కావాలంటే ఎప్పుడైనా తీసివేత చేసుకోవచ్చు. అసెంబ్లీ లెక్క వేరే పేజీలో రాయండి. రెంటినీ కలపకండి. ఈ అంకెలన్నీ ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. ఇంట్లో పదో తరగతి పిల్లలుంటే వాళ్ళతోనే రాయించండి. గంటలో అయిపోతుంది.

ఈసారి ఎవరైనా మీ ఇంటి అరుగు మీద కూర్చుని మన ఓటరు ఇలాంటివాడు, అలాంటివాడు అని తేల్చేస్తుంటే, ఆ నోటుబుక్కు తెరిచి వాళ్ళ ముందు పెట్టండి. ఏ ఎన్నిక, ఎన్నేళ్ళ సగటు అని అడగండి.